లూయిస్–షార్ట్ లాటిన్ నిఘంటువు: ఎనిమిది నెలలు వాడిన తరువాత

నేను ప్రూఫులు చూసి బతికే మనిషిని. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. విజయవాడ ఏలూరు రోడ్డు మీది ప్రచురణకర్తల దగ్గర నుంచి కాగితాల కట్టలు సత్యనారాయణపురంలో మా ఇంటికి వస్తాయి, ఎర్ర సిరా గుర్తులతో తిరిగి వెళ్తాయి. తెలుగు ప్రూఫులు చూసుకునేదానికి రెండు వేల పేజీల లాటిన్ నిఘంటువుతో పనేమిటని మా అక్క అడిగింది. ఆ పని ఎలా పడిందో ముందు చెబుతాను.

పోయిన ఏడాది మిరప సాగు మీద ఒక చేతిపుస్తకం నా దగ్గరికి వచ్చింది. రాసినాయన గుంటూరు వైపు రైతు, వ్యవసాయశాస్త్రం చదువుకున్నవారు. విషయం మీద గట్టి పట్టుంది. అయితే ఇంగ్లీషులో ‘స్పీషీస్’ అనే మాటకు మొదటి అధ్యాయంలో ‘జాతి’ అని, మూడో అధ్యాయంలో ‘రకం’ అని, చివరికి వచ్చేసరికి ‘తెగ’ అని రాశారు. తేజ, గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధన కేంద్రం లాం ఫారం వాళ్లు విడుదల చేసిన 334 వంటివాటిని కూడా అదే పుస్తకంలో ‘రకాలు’ అన్నారు. గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తోలే రైతుకు రకం అంటే 334, రకం అంటే తేజ. ఇవన్నీ కలిసిన మిరప మొక్కకూ అదే మాట వాడితే చదివేవాడికి ఏది ఏమిటో తెలియదు. ఫోను చేస్తే ఆయన, "మీకు ఏది సరి అనిపిస్తే అది పెట్టండమ్మా" అన్నారు. సరి అనిపించాలంటే ఆ మాట అసలు ఏమి చెబుతోందో నాకు తెలియాలి. ఇంట్లో ఉన్న ఇంగ్లీషు నిఘంటువు తెరిస్తే, ఇది లాటిన్ నుంచి వచ్చింది, మూలం ‘చూచు’ అనే క్రియ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. చూడటానికీ జాతికీ చుట్టరికం ఎక్కడ కుదిరింది? మూడు రోజులు వేరే పని ముట్టుకోలేకపోయాను.

కొనాలనుకునేవాళ్లకు ముందుగా ఒక హెచ్చరిక. పాత పుస్తకాన్ని స్కాన్ చేసి, ఎవరైనా అడిగినప్పుడు అచ్చువేసి పంపే సంస్థలు ఉన్నాయి. అలాంటి ఒక సంస్థ ప్రతిని మొదట ఆన్‌లైన్‌లో తెప్పించాను. అచ్చు మసక. స్వరాక్షరాల మీద హ్రస్వదీర్ఘాలు తెలిపే గుర్తులు చాలాచోట్ల చెరిగిపోయాయి. ‘ఎస్’ అక్షరం కింద పదహారు పేజీలే లేవు, నాకు కావలసిన మాటలన్నీ ఆ అక్షరంలోనే ఉన్నాయి. తిప్పి పంపితే డబ్బు రావడానికి ఏడు వారాలు పట్టింది. నిఘంటువులో పేజీలు పోతే అది నిఘంటువు కాదు. చిన్న అక్షరాల పుస్తకం ఏది కొన్నా, వీలైతే చేతిలోకి తీసుకుని, వెలుతురులో నాలుగు చోట్ల తెరిచి చూసి కొనండి.

తరువాత లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల కొట్లలో వాకబు చేశాను. ఇంజనీరింగ్, మెడిసిన్ ప్రవేశ పరీక్షల పుస్తకాల గుట్టల వెనుక, అడుగు అరలో, గోధుమరంగు అట్టతో ఉందది. ఆక్స్‌ఫర్డ్ క్లారెండన్ ప్రెస్ ప్రతి. "ఆరేళ్ల నుంచి ఇక్కడే ఉందమ్మా, ఎవరూ ఎత్తి చూడలేదు" అన్నాడు కొట్టాయన. 2,500 చెప్పి 1,800కు ఇచ్చాడు. వీపు ఊడిపోయి ఉంది గానీ లోపల ఒక్క పేజీ చిరగలేదు. గవర్నరుపేటలో బైండింగు చేసే ఒక పెద్దాయన కుట్టు విప్పి, మళ్లీ కుట్టి, నల్ల రెక్సిన్ వేసి 350 తీసుకున్నారు. ఇంత లావు పుస్తకానికి వీపు గుండ్రంగా రావాలని, మధ్యలో తెరిచినప్పుడు బల్లమీద పడుకోవాలని నేను అడగకుండానే ఆయన చెప్పి మరీ చేశారు. ఈ సమీక్షలో సగం మార్కులు ఆ పెద్దాయనవే.

ఇక పుస్తకం సంగతి. జర్మనీలో విల్హెల్మ్ ఫ్రాయిండ్ అనే పండితుడు 1834–1845 మధ్య ఒక లాటిన్–జర్మన్ నిఘంటువు వెలువరించాడు. దాన్ని అమెరికాలో ఆండ్రూస్ ఇంగ్లీషులోకి తెచ్చాడు, 1850లో వచ్చింది. దాన్ని మళ్లీ సరిదిద్ది పెంచినవాళ్లు చార్ల్‌టన్ లూయిస్, చార్లెస్ షార్ట్. 1879లో అచ్చయింది. షార్ట్ కొలంబియాలో లాటిన్ ఆచార్యుడు, లూయిస్ న్యూయార్కులో న్యాయవాది. ఆచార్యుడు ‘ఎ’ అక్షరం ఒక్కటీ, అంటే 216 పేజీలు చేశాడు. ‘బి’ నుంచి చివరి దాకా, 2,019వ పేజీ వరకు న్యాయవాది పని. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఆ మనిషి మీద నాకు గౌరవం పెరిగింది. ఇంకో వృత్తి చేసుకుంటూ మాటల వెంట ఏళ్ల తరబడి నడిచిన బ్రౌను దొర మనకూ ఉన్నాడు కదా. మన శబ్దరత్నాకరం 1885లో వచ్చింది, లూయిస్ పుస్తకానికి ఆరేళ్ల తరువాత. ఆ రెండూ ఇప్పుడు నా బల్లమీద పక్కపక్కనే ఉంటాయి.

మొదటి రోజే ‘స్పీషీస్’ దగ్గరికి వెళ్లాను. అక్కడి నుంచి ‘స్పెకియో’ అనే క్రియకు పంపింది. అర్థం: చూచు. పాత లాటిన్‌లోనే గానీ తరువాతి కాలంలో ఈ క్రియ ఒంటరిగా దాదాపు కనిపించదు. ముందు ఏదో ఒక ఉపసర్గ చేరితేనే బతికింది. ఇది చదవగానే నాకు మన ‘కను’ తట్టింది. పాత కావ్యాల్లో కంటిని, కనియె అంటూ దర్జాగా తిరిగిన క్రియ. ఇప్పుడు ఒంటరిగా వాడేది కలలు కనేటప్పుడు, పిల్లల్ని కనేటప్పుడు మాత్రమే. చూడటమనే అర్థం మటుకు కనిపించు, కనుగొను, కనుక్కొను, కనిపెట్టు అనే జంటమాటల్లో దాక్కుని బతుకుతోంది. రెండువేల ఏళ్ల కిందటి రోము నగరంలోనూ ఒక క్రియకు ఇదే గతి పట్టిందని తెలిసి, ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

మాట పక్కనే చుట్టాల జాబితా ఉంటుంది. స్పెకియో పక్కన సంస్కృతం ‘స్పశ్’ ఉంది. నా చిన్నతనంలో తాతయ్య వల్లె వేయించిన అమరకోశం చెవిలో మోగింది: "యథార్హవర్ణః ప్రణిధిరపసర్పశ్చరః స్పశః". స్పశుడంటే వేగులవాడు. ఋగ్వేదంలో వరుణుడి చుట్టూ కూర్చుని లోకాన్ని కాచుకునేవాళ్లు ఈ స్పశులే. సంస్కృత కవి మాఘుడు ఈ మాటతో శ్లేష కట్టాడు కూడా: వేగులవాళ్లు లేని రాజనీతి, ‘పస్పశ’ లేని వ్యాకరణంలాగా శోభించదన్నాడు. పస్పశ అంటే పతంజలి రాసిన వ్యాకరణ గ్రంథం మహాభాష్యంలో మొదటి ఆహ్నికం, అంటే మొదటి భాగం. పశ్యతి అన్న రూపం కూడా ఈ ధాతువు నుంచే వచ్చింది, ముందున్న సకారం జారిపోయింది. పాణిని మాత్రం ‘దృశ్’కు బదులు ‘పశ్య’ వస్తుందని సూత్రం చేసి ఆ రెంటినీ ఒకే గూటిలో పెట్టాడు. అన్నిటికన్నా నన్ను కదిలించింది ‘స్పష్టం’. రోజుకు పదిసార్లు ప్రూఫు అంచున "స్పష్టంగా లేదు" అని రాస్తాను. అది స్పశ్ ధాతువుకు పుట్టిన రూపం, ‘చూడబడినది’ అని అర్థం. లాటిన్‌ స్పెకియో, నేను రాసే స్పష్టం, ఇంగ్లీషువాళ్ల స్పై, ఒకే వేరు నుంచి లేచిన పిలకలు. స్పై అనే మాట ఇంగ్లీషుకు లాటిన్‌ నుంచి రాలేదు. జర్మానిక్ భాషల పాయలో దిగి, ఫ్రెంచి మీదుగా వచ్చింది.

గ్రీకువాళ్లు ఈ ధాతువులో హల్లుల్ని తారుమారు చేశారు. స్పెక్ కాస్తా స్కెప్ అయింది. వారణాసి జనం నోట బనారసు అయినట్టే, పక్కపక్క ధ్వనులు చోట్లు మార్చుకున్నాయి. దాని నుంచి స్కోపోస్, అంటే కనిపెట్టి చూసేవాడు. టెలిస్కోపు, మైక్రోస్కోపులో ఉన్నది ఆ కుదురే. ముందు ‘ఎపి’ చేరితే ఎపిస్కోపోస్, పైనుండి చూసుకునేవాడు. ఆ మాటే నలిగి నలిగి ఇంగ్లీషులో బిషప్ అయింది. గుణదల మేరీమాత తిరునాళ్లకు వెళ్లిన ప్రతిసారీ వినే మాటలో ఈ చూపు ఉందని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

ఒక ఇబ్బంది చెప్పాలి. లాటిన్‌లో ఉపసర్గ చేరగానే లోపలి అచ్చు బలహీనపడుతుంది. స్పెకియో ముందు ‘కోన్’ చేరితే కోన్‌స్పికియో అవుతుంది, ఎకారం ఇకారమైపోతుంది. కొత్తవాళ్లు కోన్‌స్పికియోలో స్పెకియోను గుర్తుపట్టలేరు. నిఘంటువు బ్రాకెట్‌లో విడదీసి చూపిస్తుంది గానీ, స్పెకియో దగ్గర దాని పిల్లల జాబితా ఒకచోట ఇవ్వదు. నేను నెల రోజులు వెతికి ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను.

ఆ జాబితా రాస్తున్నప్పుడు తెలుగు పక్కనే నడిచి వచ్చింది. ప్రోస్పికియో: ముందుకు చూచు, రాబోయేదానికి తగిన ఏర్పాటు చేసుకొను. అది మన ముందుచూపు. డేస్పికియో: పై నుంచి కిందికి చూచు, తక్కువ చేయు. అది చిన్నచూపు. రెస్పికియో: వెనక్కి తిరిగి చూచు, మనసులో పెట్టుకొను. ఇంగ్లీషు రెస్పెక్ట్ అక్కడిది. ఒకరిని దాటి వెళ్లిపోయాక కూడా తిరిగి చూడాలనిపిస్తే అది గౌరవం. సుస్పికియో చిత్రమైనది. కింది నుంచి పైకి చూచు అని అసలు అర్థం, దాని నుంచి ఆరాధనతో చూడటమూ అయింది, అనుమానంగా ఓరగా చూడటమూ అయింది. నిఘంటువు ఆ రెండు పాయలనూ విడివిడిగా, ఏ రచయిత ఏ అర్థంలో వాడాడో ఉదాహరణలతో ఇస్తుంది. తల వంచుకుని కనుబొమల కింద నుంచి చూసే చూపు మన ఊళ్లలో భక్తిదీ కావచ్చు, పగదీ కావచ్చు. ఎవరు ఎవరిని చూస్తున్నారన్న దాన్ని బట్టి అర్థం తేలుతుంది.

‘చూచు’ కన్నా ఎక్కువసేపు కనిపెట్టి చూడటానికి లాటిన్‌లో వేరే క్రియ ఉంది: స్పెక్టో. అది స్పెకియోకు పుట్టినదే, మాటిమాటికీ చేయడాన్ని, విడవకుండా చేయడాన్ని చెప్పే రూపం. చూస్తూ ఉండటం అన్నమాట. ఈ పుస్తకంలో నేను అన్నిటికన్నా ఎక్కువ సార్లు తెరిచిన మాట ఇదే. మొదటి అర్థం ఆట చూడటం, నాటకం చూడటం. రెండోది ఇళ్లకూ నేలకూ చెందింది: ఫలానా దిక్కుకు అభిముఖంగా ఉండటం. సీజరు గాల్ దేశాన్ని వర్ణిస్తూ బెల్గే జనుల నేల ఉత్తరానికి, పొద్దు పొడిచే దిక్కుకు ‘చూస్తుంది’ అంటాడు. గుమ్మం తూర్పుకు చూడాలి, వంటిల్లు ఆగ్నేయానికి రావాలి అని మనం అంటూ ఉంటాం. గుమ్మానికి కళ్లు ఉండవని తెలిసీ లాటిన్‌వాడూ, తెలుగువాడూ ఒకే మాట అన్నారు.

మూడో అర్థం దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. పరీక్షించు, నిగ్గు తేల్చు. ఉదాహరణకు బంగారాన్ని ఇచ్చారు: నిప్పులో బంగారాన్ని ‘చూస్తారు’ అని.

మా నాన్న గుంటూరు లాలాపేటలో కంసాలి పని చేసేవారు. చిన్న కొట్టు. కుంపటి, మూస, టంకణం డబ్బా, గీటురాయి. ఎవరైనా పాత గొలుసు తెచ్చి, "కాస్త చూసిపెట్టండి ఆచారిగారూ" అంటే నాన్న కంటితో చూసి ఊరుకునేవారు కాదు. గీటురాయి మీద గీసేవారు. పక్కనే వన్నె తెలిసిన బంగారంతో ఇంకో గీత గీసేవారు. రెండు గీతల మీదా ద్రావకం చుక్క పెట్టి, ఏది నిలుస్తుందో, ఏది వెలిసిపోతుందో చూసేవారు. ఇంకా అనుమానం ఉంటే పుటం పెట్టేవారు. ఇదంతా అయ్యాక "చూశాను, మంచిదే" అనేవారు. ఆ ‘చూశాను’లో రాయి, ద్రావకం, నిప్పు అన్నీ ఉన్నాయి. మనకు రుచి చూడటం ఉంది, చేసి చూడటం ఉంది. వైద్యుడు రోగిని చూస్తాడు, గుమాస్తా లెక్కలు చూస్తాడు. పెళ్లిచూపుల్లో ఒక్కరోజులో జరిగేదీ నిగ్గు తేల్చడమే. మన ‘చూచు’కు పరీక్షించడమనే అర్థం ఎంత లోతుగా దిగిందో నాకు ఈ లాటిన్ పేజీ చూపించింది. నాన్న పోయి పదకొండేళ్లయింది. ఆయన ఉండగా ఈ పుస్తకం కొని ఉంటే, ఆ వాక్యం చదివి వినిపించేదాన్ని.

ఈ అర్థానికి సంబంధించి ఈ పుస్తకంలో చేరే అవకాశం లేని ఒక సంగతి తరువాత వేరేచోట చదివాను. రోములో ఎముకతో, దంతంతో చేసిన చిన్న బిళ్లలు దొరికాయి. వాటిమీద ఒక బానిస పేరు, యజమాని పేరు, తేదీ, మధ్యలో ‘స్పెక్టావిట్’ అనే మాట. కొన్నిటిమీద పొట్టిగా ‘ఎస్‌పీ’ అని రెండు అక్షరాలే ఉన్నాయి. గ్లాడియేటర్ల పోటీల గుర్తులని చాలాకాలం అనుకున్నారు. 1919లో రుడాల్ఫ్ హెర్జోగ్ అనే పండితుడు అవి నాణేల సంచులకు కట్టిన బిళ్లలని చూపించాడు. లోపలి నాణేలు దొంగవి కావని ఒక మనిషి పరీక్షించి, ‘చూశాడు’ అని సాక్ష్యంగా కట్టిన బిళ్ల అది. నేను ఆఖరి ప్రూఫు మీద ఏమి రాస్తానో తెలుసా? "చూశాను" అని రాసి, తేదీ వేసి సంతకం పెడతాను. ఆ సంతకం పడ్డాకే పుస్తకం అచ్చుకు పోతుంది.

ఎదురుచూడటం దగ్గరికి వద్దాం. స్పెక్టో ముందు ‘ఎక్స్’ చేరితే ఎక్స్‌స్పెక్టో, బయటికి చూస్తూ ఉండటం, వేచి ఉండటం. గడప దగ్గర నిలబడి వీధి వైపు చూడటమే ఈ మాట. తెలుగులో ‘ఎదురు’, లాటిన్‌లో ‘బయటికి’. రెండు చోట్లా మనిషి నిరీక్షణ కళ్లలోనే ఉంది. ఇదే కుటుంబంలో స్పెకులా ఉంది, కాపలా కాసే ఎత్తైన చోటు. మన పొలాల్లో మంచె. మంచె ఎక్కి నాలుగు దిక్కులూ కనిపెట్టడం స్పెకులోర్. దాని నుంచే ఇంగ్లీషు స్పెక్యులేషన్ వచ్చింది, అంటే ధర పెరుగుతుందన్న అంచనాతో సరుకు కొని ఆపడం. గుంటూరు చుట్టూ కోల్డ్ స్టోరేజీల్లో మిరప టిక్కీలు (బస్తాలు) పేర్చి, రశీదు జేబులో పెట్టుకుని ధర కోసం చూసే వ్యాపారి మంచె ఎక్కినవాడే. రైతు చాలాసార్లు మంచె దిగి అమ్ముకోవలసి వస్తుంది, అప్పు తీర్చే తేదీ ఆగదు కాబట్టి. ఆ చేతిపుస్తకంలో ధరల అధ్యాయం చదివాక ఈ తేడా నా మనసులో బాగా నాటుకుంది.

శకునం గురించి రెండు మాటలే. ఔస్పెక్స్ అంటే పక్షుల్ని చూసేవాడు. ఆవిస్ అంటే పక్షి, మిగతాది స్పెకియో. పక్షులు ఎటు ఎగిరాయో చూసి రోమనులు యుద్ధానికి పోవాలో వద్దో తేల్చుకునేవారు. ఇంగ్లీషులో శుభాన్ని చెప్పే ఆస్పీషియస్ ఆ మాటే. మన ‘శకునం’కూ సంస్కృతంలో మొదటి అర్థం పక్షి. దసరాకు పాలపిట్ట కనబడాలని చెట్లవైపు చూసే మనవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు నన్ను ఇంత దూరం నడిపించిన ‘స్పీషీస్’. నిఘంటువులో ఇది మెట్లు మెట్లుగా ఉంది, ఈ పుస్తకం గొప్పతనమంతా ఆ మెట్లలో ఉంది. మొదట చూపు. తరువాత కంటికి కనబడే రూపు. ఆ పైన అందం. మన ‘వన్నె’కు రంగు, అందం, బంగారం నాణ్యం అన్నీ ఒకేచోట కుదిరినట్టు. తరువాత, ఒకేలాంటి రూపున్నవాటి సముదాయం. తర్కంలో పెద్ద వర్గం కింద వచ్చే చిన్న వర్గం. ఇంకా కిందికి, రోమన్ సామ్రాజ్యపు చివరి శతాబ్దాలకు వస్తే, రూపును బట్టి వేరుచేసి లెక్కగట్టిన సరుకు. మూడో శతాబ్దపు న్యాయవేత్త మార్కియానుస్ ఇచ్చిన ఒక పట్టీ ఉంది. తూర్పు నుంచి వచ్చే ఏ సరుకుల మీద సుంకం కట్టాలో అందులో రాశాడు. 533లో జస్టీనియన్ చక్రవర్తి వేయించిన న్యాయ సంకలనంలో చేరడం వల్ల అది మనదాకా వచ్చింది. ఆ పట్టీకి తలమాట ‘స్పీషీస్’. కింద దాల్చినచెక్క, పిప్పళ్లు, తెల్లమిరియాలు, అల్లం, జటామాంసి, భారతదేశపు ఇనుము. సరుకుల్లో సుగంధ ద్రవ్యాల విలువ ఎక్కువ కావడంతో మాట వాటికే అంటుకుంది. పాత ఫ్రెంచిలో ఎస్పీస్, ఇంగ్లీషులో స్పైస్. మిరపకాయ అప్పటికి అమెరికా దాటి రాలేదు, ఆ పట్టీలో ఉండే వీలు లేదు. అయినా ఈ రోజు మిరప ఒక స్పైస్, మిరప ఒక స్పీషీస్. ఒకే లాటిన్ మాట రెండు దారుల్లో ప్రయాణించి గుంటూరు యార్డులో ఒకే బస్తా మీద కలుసుకుంది.

ఆ యార్డును నేను ఫిబ్రవరిలో వెళ్లి చూశాను. ఘాటుకు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నడవాలి. కొనేవాడు బస్తాలోకి చెయ్యి పెట్టి పిడికెడు కాయలు తీస్తాడు, అరచేతిలో పరుస్తాడు, ఒక కాయను విరుస్తాడు. రంగు, తేమ, తొడిమ, తాలు ఎంత కలిసిందో చూస్తాడు. ఆ పిడికెడులో రూపు చూసి ఏ రకమో, ఏ ధర పలుకుతుందో చెప్పేస్తాడు. రూపు, వర్గం, సరుకు. నిఘంటువులోని మెట్లన్నీ ఆ అరచేతిలో ఉన్నాయి.

లోపాలు చెప్పకపోతే కొనేవాళ్లకు అన్యాయం చేసినట్టే. అక్షరాలు చాలా చిన్నవి. నలభై దాటినవాళ్లకు భూతద్దం ఉంటేనే సుఖం. రచయితల పేర్లు, గ్రంథాల పేర్లు అన్నీ పొడి అక్షరాల్లో ఉంటాయి. వాటి పట్టీ పుస్తకం మొదట్లో ఉంది, దాన్ని ఫోటో తీసుకుని పక్కన పెట్టుకోవాలి. గ్రీకు మాటలు గ్రీకు లిపిలోనే ఉంటాయి. ‘ఐ’, ‘జె’ అక్షరాలను వేరు చేశారు. ఇప్పటి లాటిన్ పుస్తకాల్లో ‘ఐ’తో కనిపించే కొన్ని మాటల్ని ఇక్కడ ‘జె’ కింద వెతకాలి. వ్యుత్పత్తులు 1879 నాటివి. సంస్కృత చుట్టరికాల్లో కొన్ని ఇప్పటి పండితులు ఒప్పుకోరు. వాటికోసం మిషీల్ డె వాన్ 2008లో వెలువరించిన లాటిన్ వ్యుత్పత్తి నిఘంటువు చూడటం మంచిది. ఆక్స్‌ఫర్డ్ వాళ్లే 1968–1982 మధ్య భాగాలుగా కొత్త నిఘంటువు తెచ్చారు, అది ఇంతకన్నా శుభ్రంగా ఉంటుంది. అయితే అది దాదాపు క్రీ.శ. 200 దగ్గర ఆగిపోతుంది. ఆ తరువాతి కాలపు అర్థాలు కావాలంటే లూయిస్ దగ్గరికే రావాలి. నాకు అవసరమైన మెట్టు అక్కడే ఉంది కాబట్టి, నా ఓటు పాతదానికి.

లాటిన్ ఇప్పుడే మొదలుపెట్టే విద్యార్థికి ఇది వద్దు, చిన్న నిఘంటువు చాలు. ఎప్పుడో ఒకసారి ఒక మాట చూసుకునేవాళ్లు డబ్బు పెట్టనక్కరలేదు. టఫ్ట్స్ విశ్వవిద్యాలయం నడిపే పెర్సియస్ సైటులో ఈ నిఘంటువు మొత్తం ఉచితంగా ఉంది. వైద్యం, వృక్షశాస్త్రం, న్యాయం తెలుగులోకి తెచ్చేవాళ్లు, పాఠ్యపుస్తకాల సంపాదకులు, నాలాంటి ప్రూఫు రీడర్లు మాత్రం కాగితం ప్రతి కొనుక్కోవాలని గట్టిగా చెబుతాను. తెర మీద అడిగిన మాట ఒక్కటే వస్తుంది. కాగితం మీద స్పెకియో వెతుకుతూ పోతే దారిలో స్పెక్టో, స్పెకులా పలకరిస్తాయి. ఐదుకు నాలుగున్నర మార్కులు. ఆ అర మార్కు అక్షరాల సైజుకు తీసేశాను.

చేతిపుస్తకం సంగతి మిగిలింది. స్పీషీస్‌కు మూలం చూపు, రూపు. మన ‘జాతి’కి మూలం పుట్టుక, జన్ ధాతువు. లాటిన్‌లో ఆ ధాతువుకు చుట్టం ‘జీనస్’. పుట్టుపూర్వోత్తరాలు లెక్కేస్తే జాతి అనే మాట జీనస్‌కు చెందాలి, స్పీషీస్‌కు ‘రూపం’ వంటి మాట రావాలి. రెండు రోజులు ఆ వైపే మొగ్గాను. కానీ తెలుగులో వృక్షశాస్త్రం చదువుకున్నవాళ్లందరూ జీనస్‌ను ప్రజాతి అని, స్పీషీస్‌ను జాతి అని నేర్చుకున్నారు. రైతు కొడుకు కళాశాలలో చదివే మాట, ఈ చేతిపుస్తకంలో మాట ఒక్కటిగా ఉండాలి. కాప్సికమ్ ప్రజాతి, కాప్సికమ్ యాన్యువమ్ జాతి, తేజ, 334 రకాలు. ‘తెగ’ను పుస్తకం అంతటా కొట్టేశాను. కారణం అంచున రాసి రచయితకు పంపితే, ఆయన ఫోను చేసి ఆ స్పైస్ కథ మొత్తం మళ్లీ ఒకసారి చెప్పించుకున్నారు. తరువాతి వారం ఆఖరి ప్రూఫు వచ్చింది. 112 పేజీలు రెండుసార్లు చదివి, మొదటి పేజీ పైన కుడివైపు "చూశాను" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను.